తెల్లని మంచులో పాదరసం

పాత థర్మామీటరు మీరు చూసే ఉంటారు. జ్వరం వస్తే నర్సమ్మ చంకలో పెట్టే గాజు పుల్ల. దాని కొసన వెండిలా మెరిసే బొట్టు ఉంటుంది. ఆ బొట్టే పాదరసం.

పాదరసం ఒక లోహం. ఇనుము, రాగి, వెండి కూడా లోహాలే. కాని అవి గట్టిగా ఉంటాయి. పాదరసం మాత్రం నీళ్ళలా పారుతుంది. చాలా బరువు. లీటరు సీసాలో నీళ్ళు పోస్తే కిలో తూగుతుంది. అదే సీసాలో పాదరసం పోస్తే పదమూడున్నర కిలోలు తూగుతుంది! రెండు చేతులతో ఎత్తాలి.

చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నేల మీద పడితే ముత్యాల్లా దొర్లుతుంది. పిల్లలు ఏరుకుని ఆడుకోవాలని చూస్తారు. ఆడుకోనివ్వకండి. అది కొంచెం కొంచెంగా ఆవిరవుతుంది. ఆ ఆవిరికి రంగు లేదు, వాసన లేదు. పీలిస్తే విషం. థర్మామీటరు పగిలితే చీపురుతో ఊడ్చకూడదు. ఊడిస్తే చిన్న చిన్న బొట్లుగా చెదిరి గదంతా పాకుతుంది. ముందు కిటికీలు తీయాలి. పిల్లల్ని బయటికి పంపాలి. చేతికి బంగారం ఉంటే తీసి పక్కన పెట్టాలి. పాదరసం బంగారానికి అంటుకుంటుంది. ఆ తర్వాత గట్టి అట్టముక్కతో బొట్లను కూడగట్టి, మూత ఉన్న సీసాలోకి ఎత్తాలి. కాలువలో పారబోయకూడదు.

బంగారానికి అంటుకునే ఈ గుణమే ఒక పెద్ద కథకు మొదలు.

పొగలో పోయేది బూడిద ఒక్కటే కాదు

ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆసియాలో ఎన్నో చోట్ల పేదవాళ్ళు మట్టిని, రాతి పొడిని కడిగి బంగారం తీస్తారు. అందులో పాదరసం కలుపుతారు. మట్టిలోని సన్నని బంగారపు రేణువులను అది పట్టుకుంటుంది. రెండూ కలిసి ముద్ద అవుతాయి. ఆ ముద్దను మంట మీద పెడితే పాదరసం ఆవిరై పోతుంది, బంగారం మిగులుతుంది. ఆ మంట దగ్గర ఆడవాళ్ళు ఉంటారు, పిల్లలు ఉంటారు. వాళ్ళు పీల్చింది పోగా మిగిలిన ఆవిరి ఆకాశంలోకి పోతుంది.

రెండో దారి బొగ్గు. నేలలోంచి తవ్విన బొగ్గులో పాదరసం చాలా కొంచెం ఉంటుంది. టన్ను బొగ్గులో చిటికెడు కూడా ఉండదు. కాని కరెంటు తయారు చేసే చోట రోజుకు వేల టన్నుల బొగ్గు కాలుస్తారు. మన రామగుండంలో, కొత్తగూడెంలో పొడవాటి పొగగొట్టాలు ఉన్నాయి గదా! ప్రపంచంలో అలాంటివి వేలకు వేలు ఉన్నాయి. బూడిదను పట్టే యంత్రాలు పెడతారు. అవి దుమ్మును పట్టుకుంటాయి. ఆవిరిగా మారిన పాదరసంలో కొంత మాత్రం తప్పించుకుని పోతుంది.

మనుషులు చేసే పనుల వల్ల 2015లో గాలిలో కలిసిన పాదరసం సుమారు 2,200 టన్నులని ఐక్యరాజ్యసమితి లెక్క కట్టింది. అందులో అన్నిటికన్నా పెద్ద వాటా బంగారం తీసే చిన్న గనుల నుంచి వచ్చింది. దాని తర్వాతి స్థానం బొగ్గుది.

మామూలు దుమ్ము వానకు తడిసి నేల మీద పడుతుంది. పాదరసం ఆవిరి అంత తొందరగా పడదు. నెలల తరబడి గాలిలోనే తిరుగుతుంది. ఈ లోపల గాలి దాన్ని భూమి చుట్టూ తిప్పుతుంది. ఏ దేశం పొగ ఏ దేశానికి పోయిందో గాలి చెప్పదు.

సంక్రాంతి నాడు కూడా చీకటే

మనం మంచు అంటే మాఘమాసంలో తెల్లవారుజామున పొలాల మీద కమ్మే మంచు అనుకుంటాం. పొద్దెక్కితే అది పోతుంది. ఇక్కడ చెప్పే మంచు వేరు. భూమికి ఉత్తరపు కొసన ఆర్కిటిక్ అనే ప్రాంతం ఉంది. అక్కడ వానకు బదులు దూదిపింజల్లా మంచు పడుతుంది. పడ్డది పడ్డట్టే ఉంటుంది. నెలల తరబడి నేల కనిపించదు. సముద్రం కూడా పైన గడ్డ కడుతుంది. మనుషులు దాని మీద నడుస్తారు. బండ్లు కూడా నడుపుతారు.

ఇంకో వింత ఉంది. చలికాలంలో అక్కడ సూర్యుడు ఉదయించడు. కెనడా దేశానికి పై కొసన అలర్ట్ అనే చోటు ఉంది. అది ఊరు కాదు. సైన్యం స్థావరం, దాని పక్కన గాలిని పరీక్షించే కేంద్రం, అంతే. ఉత్తర ధ్రువం అక్కడికి 800 కిలోమీటర్ల పైచిలుకు. అక్టోబరు నడుమ సూర్యుడు అస్తమిస్తే మళ్ళీ కనిపించేది ఫిబ్రవరి చివర. మనం సంక్రాంతి ముగ్గులు వేసే రోజు అక్కడ మిట్టమధ్యాహ్నం కూడా చీకటే.

అక్కడ కెనడా శాస్త్రజ్ఞులు 1995లో గాలిలోని పాదరసాన్ని ఎడతెరిపి లేకుండా కొలవడం మొదలు పెట్టారు. చుట్టుపక్కల ఫ్యాక్టరీ లేదు. బొగ్గు కాల్చేవాళ్ళు లేరు. అయినా గాలిలో పాదరసం ఉంది. అది దూరం నుంచి వచ్చిందే. ఇంతవరకు వాళ్ళకు ఆశ్చర్యం లేదు. సూర్యుడు తిరిగి వచ్చిన వసంతకాలంలో మాత్రం ఒక విచిత్రం చూశారు. కొన్ని రోజుల్లో గాలిలోని పాదరసం ఉన్నట్టుండి దాదాపు మాయమైపోతోంది. మళ్ళీ వస్తోంది. మళ్ళీ మాయమవుతోంది.

ఎక్కడికి పోతోంది? కింద మంచు మీదికి.

కాగిన పాలలో నిమ్మరసం పిండితే ఏమవుతుంది? పాలు విరుగుతాయి. అంతసేపు పాలలో కలిసిపోయి ఉన్నది ముక్కలుగా విడిపోయి అడుక్కు చేరుతుంది. అక్కడ నిమ్మరసం పని చేసేది సముద్రపు ఉప్పు. ఆ ఉప్పులో బ్రోమిన్ అనే పదార్థం ఉంటుంది. నెలల చీకటి తర్వాత ఎండ తగలగానే అది గాలిలోకి లేస్తుంది. పాదరసం ఆవిరితో కలిసి దాని రూపం మారుస్తుంది. రూపం మారిన పాదరసం ఇక గాలిలో నిలవలేదు. మంచును పట్టుకుని కూర్చుంటుంది.

పడిందంతా అక్కడే ఉండదు. అదే ఎండ వెలుగుకు కొంత మళ్ళీ ఆవిరై గాలిలోకి లేస్తుంది. మిగిలింది మంచులో ఉంటుంది. మే, జూన్ నెలల్లో మంచు కరుగుతుంది. వాగులు, చెరువులు, సముద్రం నిండుతాయి. పాదరసం ఆ నీటితో దిగుతుంది. గాలిలోని పాదరసాన్ని అక్కడి గడ్డి, నాచు కూడా ఆకులతో పీల్చుకుంటాయి. అవి ఎండి కుళ్ళినప్పుడు అది మట్టిలో చేరుతుంది. ఆ మట్టి వేల ఏళ్ళుగా గడ్డ కట్టి ఉంది. ఇప్పుడు భూమి వేడెక్కుతోంది. ఆర్కిటిక్ మిగతా భూమి కన్నా తొందరగా వేడెక్కుతోంది. గడ్డ కట్టిన నేల కరిగితే అందులో దాగిన పాదరసం కూడా ఏళ్ళ మీద వాగుల్లోకి వస్తుంది.

నీళ్ళు తాగవచ్చు. మరి భయం ఎందుకు?

మంచు కరిగిన నీళ్ళు తాగితే ప్రమాదమా? ఆ నీళ్ళలో ఉండే పాదరసం చాలా కొంచెం. తాగే నీటికి పెట్టిన హద్దు కన్నా ఎంతో తక్కువ. భయం ఆ నీళ్ళు తాగడం వల్ల కాదు. ఆ నీళ్ళలో పెరిగేవాటిని తినడం వల్ల.

చెరువు అడుగున, సముద్రం అడుగున, బురదలో గాలి ఆడని చోట సూక్ష్మజీవులు ఉంటాయి. కంటికి కనిపించవు. అవి పాదరసాన్ని ఇంకో రూపానికి మారుస్తాయి. దాని పేరు మిథైల్ పాదరసం. ఈ ఒక్క పేరు గుర్తు పెట్టుకోండి. మిథైల్ పాదరసం ఆహారంతో కడుపులోకి పోతే దాదాపు అంతా రక్తంలో కలుస్తుంది. మాంసంలో చేరి కూర్చుంటుంది. బయటికి పోవడానికి చాలా కాలం పడుతుంది.

నీటిలోని నలుసంత జీవులు దీన్ని కొంచెం తీసుకుంటాయి. చిన్న చేప అలాంటి వేల జీవుల్ని తింటుంది. వేల జీవుల పాదరసం ఒక్క చిన్న చేపలో చేరుతుంది. పెద్ద చేప వందల చిన్న చేపల్ని తింటుంది. సీల్ అనే జంతువు ఆ చేపల్ని తింటుంది. బెలూగా అనే తెల్ల తిమింగలం కూడా తింటుంది. సీల్‌ను తెల్ల ఎలుగుబంటి తింటుంది. మన పొదుపు సంఘంలో ఒక్కొక్కరు వేసేది కొద్ది డబ్బే. పెట్టె నిండేది అందరి డబ్బుతో. ఇక్కడ పెట్టె పెద్ద జంతువు ఒళ్ళు. నీటిలో ఉన్నదానికి, పై మెట్టున ఉన్న జంతువు ఒంట్లో ఉన్నదానికి లక్షల రెట్లు తేడా వస్తుంది.

ఈ లెక్క ఏ సముద్రానికైనా ఒకటే. మన కోస్తాలో బాలింతకు పాలు పడతాయని సొర పెడతారు. సొర వేటాడి బతికే చేప. ఎక్కువ కాలం బతికి పెద్దదైన సొరలో పాదరసం ఎక్కువగా ఉంటుంది. అందుకే అమెరికా వంటి దేశాల్లో గర్భిణీలను, బాలింతలను సొర తినవద్దంటారు. అంతమాత్రాన చేపలు మానేయాలని కాదు. నెత్తళ్ళు, కవళ్ళు చిన్నవి. తక్కువ కాలం బతుకుతాయి. వాటిలో పాదరసం చాలా తక్కువ.

పాదరసం భూమిలో ఎప్పుడూ ఉంది గదా, సీల్‌లో కూడా ఎప్పుడూ ఉండేదేమో అని కొందరు అడుగుతారు. మంచి ప్రశ్నే. శాస్త్రజ్ఞులు పాతకాలపు జంతువుల పళ్ళు, వెంట్రుకలు, పక్షుల ఈకలు తెచ్చి పరీక్షించారు. ఫ్యాక్టరీలు రాకముందు ఉన్నదాని కన్నా ఇప్పుడు ఆర్కిటిక్ జంతువుల్లో పాదరసం దాదాపు పది రెట్లు ఉంది.

తల్లి నుంచి బిడ్డకు

మిథైల్ పాదరసం ఏం చేస్తుందో ప్రపంచానికి తెలిసింది జపాన్ దేశంలో. మినమాట అనే ఊరి దగ్గర ఒక రసాయనాల ఫ్యాక్టరీ తన మురుగును సముద్రంలోకి వదిలేది. చేపలు తిన్న పిల్లులు పిచ్చెత్తినట్టు గెంతి చచ్చిపోయాయి. తర్వాత మనుషులకు చేతులు, కాళ్ళు వణికాయి. మాట తడబడింది. చూపు తగ్గింది. 1956లో ఈ జబ్బును గుర్తించారు. అయినా 1968 దాకా ఆ మురుగు ఆగలేదు! పన్నెండు ఏళ్ళు. ఇది తలుచుకుంటే ఇప్పటికీ కోపం వస్తుంది.

అన్నిటికన్నా ఘోరం పుట్టిన పిల్లల సంగతి. తల్లి బాగానే కనిపించేది. బిడ్డ మాత్రం మెదడు దెబ్బతిని పుట్టేది. మాయ బిడ్డను విషం నుంచి కాపాడుతుందని అంతవరకు డాక్టర్లు నమ్మారు. మిథైల్ పాదరసం మాయను దాటి పోతుంది. బిడ్డ బొడ్డుతాడు రక్తంలో అది తల్లి రక్తంలో కన్నా ఎక్కువగానే ఉంటుంది.

ఆర్కిటిక్‌లో అంత పాదరసం లేదు. అక్కడ ఎవరూ అలా కూలిపోలేదు. మరి కొంచెం పాదరసం ఏం చేస్తుంది? ఈ ప్రశ్నకు జవాబు ఫారో దీవుల తల్లుల వల్ల దొరికింది.

ఫారో దీవులు చల్లని ఉత్తర సముద్రంలో ఉన్న 18 చిన్న దీవులు. అక్కడ పైలట్ తిమింగలం అనే రకాన్ని వేటాడి, మాంసాన్ని ఇంటింటికీ పంచుకోవడం వందల ఏళ్ళ ఆచారం. 1986, 1987లో అక్కడ పుట్టిన వెయ్యి మంది పైగా పిల్లల బొడ్డుతాడు రక్తం తీసి డాక్టర్లు పాదరసం కొలిచారు. తల్లుల వెంట్రుకలు కూడా తీసుకున్నారు. వెంట్రుకలు ఎందుకు? తల వెంట్రుక నెలకు ఒక సెంటీమీటరు దాకా పెరుగుతుంది. ఆ నెల ఒంట్లో ఉన్న పాదరసం ఆ ముక్కలో ఉండిపోతుంది. జడ పొడుగునా ఏ నెలలో ఎంత తిన్నదీ రాసి ఉన్నట్టే.

ఆ పిల్లలకు ఏడేళ్ళు వచ్చాక మళ్ళీ పరీక్షించారు. చూడటానికి అందరూ బాగానే ఉన్నారు. ఆడుకుంటున్నారు, బడికి పోతున్నారు. కాని కడుపులో ఉన్నప్పుడు ఎక్కువ పాదరసం సోకిన పిల్లలు మాటలు వెతుక్కోవడంలో, ధ్యాస నిలపడంలో, గుర్తు పెట్టుకోవడంలో కొంచెం వెనకబడ్డారు. ఆ తేడా కొద్దిదే. తల్లి కంటికి కూడా తెలియనంత. ఈ ఫలితాలు 1997లో వచ్చాయి.

మరుసటి ఏడాదే, 1998లో, గర్భిణీలు, పాలిచ్చే తల్లులు, త్వరలో బిడ్డను కనాలనుకునే ఆడవాళ్ళు తిమింగలం మాంసం తినవద్దని అక్కడి ఆరోగ్య అధికారులు చెప్పారు. ముందు నుంచే ఎందుకు మానాలి? ఒంట్లోని మిథైల్ పాదరసం సగానికి తగ్గడానికే రెండు నెలల దాకా పడుతుంది. మిగిలిన సగంలో సగం తగ్గడానికి ఇంకో రెండు నెలలు. నెల తప్పాక మానితే ఆలస్యమే. ఫారో ఆడవాళ్ళు ఈ మాట విన్నారు, మానారు. ఆ తర్వాత కొలిస్తే తల్లుల ఒంట్లో పాదరసం బాగా తగ్గింది. 2008లో అక్కడి పెద్ద డాక్టర్లు ఇంకో అడుగు ముందుకు వేసి, పైలట్ తిమింగలాన్ని ఎవరూ తినకపోతే మంచిదన్నారు.

మానడం తేలికేనా?

నునావిక్ కెనడాలో ఉత్తరాన ఉన్న ప్రాంతం. అక్కడ 14 ఊళ్ళు. దక్షిణం నుంచి ఆ ఊళ్ళకు రోడ్డు లేదు. ఇన్యూట్ అనే జాతి వాళ్ళు ఉంటారు. అక్కడ వరి పండదు, జొన్న పండదు, కూరగాయలు పండవు. కొట్టులో దొరికే సరుకు విమానంలో రావాలి, లేదా మంచు కరిగాక ఓడలో రావాలి. అందుకే ధరలు మండిపోతాయి. సీల్, బెలూగా, చేప, దుప్పిలాంటి కారిబూ, ఇవే వాళ్ళకు తరతరాల తిండి. వేట ఒకరు చేసినా మాంసం ఊరంతా పంచుకుంటారు. ఆడవాళ్ళు ఉలు అనే కత్తితో కోస్తారు. అది అర్ధచంద్రంలా వంపు తిరిగి ఉంటుంది. అది ఆడవాళ్ళ కత్తి.

ఆ తిండిలో బలం ఉంది. సీల్ మాంసంలో ఇనుము మెండు. నునావిక్ ఆడవాళ్ళలో రక్తం తక్కువైనవాళ్ళు ఎందరో ఉన్నారు. పాదరసం భయంతో ఆ మాంసం మానేసి, కొట్టులో దొరికే చిప్స్, తియ్యటి కూల్‌డ్రింకులు తీసుకుంటే బిడ్డకు మేలు జరుగుతుందా? అన్నీ మానండి అని చెప్పడం తేలిక. చెప్పేవాడి పళ్ళెం నిండుగా ఉంటుంది గనుక!

అందుకే అక్కడ అన్నీ మానమని చెప్పలేదు. ఏ జంతువు, ఏ భాగం అని విడదీసి చూశారు. బెలూగా మాంసాన్ని చీరి గాలికి ఎండబెడతారు. దాన్ని నిక్కు అంటారు. పాదరసం ఎక్కువగా చేరేది ఈ నిక్కుతోనే. ఎండు చేప చేసే ఆడవాళ్ళకు కారణం తెలుసు. ఎండితే నీరు పోతుంది, బరువు తగ్గుతుంది. పాదరసం మాత్రం అలాగే ఉంటుంది. ఉడికించినా, కాల్చినా పోదు. బెలూగా తోలును దాని కింది కొవ్వుతో కలిపి తింటారు. దాని పేరు మత్తాక్. పాదరసం మాంసంలో చేరినంతగా కొవ్వులో చేరదు కనుక అందులో తక్కువ. 2011లో నునావిక్ ఆరోగ్య శాఖ బిడ్డల్ని కనే వయసు ఆడవాళ్ళను బెలూగా మాంసం తగ్గించమని కోరింది. పక్కన ఉన్న నునావుట్ ప్రాంతంలో 2012లో ఇంకో మాట చెప్పారు. బిడ్డను కనబోయేవాళ్ళు సీల్ కాలేయం తినవద్దు, సీల్ మాంసం తినవచ్చు అన్నారు. తల్లిపాలు మానమని మాత్రం ఎక్కడా చెప్పలేదు.

బెలూగా బదులు ఏం తినాలి? ఆర్కిటిక్ చార్ అనే చేప ఉంది. నీళ్ళలో పై మెట్టుదాకా పోని చేప. పాదరసం తక్కువ, మంచి కొవ్వు ఎక్కువ. నునావిక్‌లో కొన్ని ఊళ్ళలో గర్భిణీలకు ఈ చేపను ఉచితంగా పంచారు. మానమని చెప్పిన చేత్తోనే తినేది కూడా ఇచ్చారు. అలా చెప్పడమే సరైన చెప్పడం.

ఇంతకీ ఈ తల్లులు బొగ్గు కాల్చలేదు, గనులు తవ్వలేదు. పళ్ళెంలోంచి తీసివేయవలసింది మాత్రం వాళ్ళకే వచ్చింది. ఈ సంగతిని ఇన్యూట్ ప్రతినిధులు దేశాల సభల్లో అడిగారు. పాదరసాన్ని తగ్గించడానికి 2013లో జపాన్‌లో ఒక ఒప్పందం కుదిరింది. దానికి మినమాట పేరే పెట్టారు. ఆర్కిటిక్ ప్రాంతానికి, అక్కడి మూలవాసుల తిండికి కలిగిన కీడు గురించి దాని మొదటి పేజీల్లోనే రాశారు. 2017లో అది అమలులోకి వచ్చింది. మన దేశం 2018లో అందులో చేరింది. పాదరసం థర్మామీటర్లు, కొన్ని రకాల బల్బులు చేయడం ఆపాలని, కొత్త పొగగొట్టాల దగ్గర పాదరసాన్ని పట్టే ఏర్పాట్లు చేయాలని, బంగారు గనుల్లో దాని వాడకం తగ్గించాలని ఒప్పుకున్నారు. గడువులు కొన్ని దేశాలు పెంచుకున్నాయి.

ఈ రోజు పొగగొట్టాలన్నీ ఆగినా సముద్రంలోకి దిగిన పాదరసం ఎన్నో ఏళ్ళు అక్కడే తిరుగుతుంది. నునావిక్ గర్భిణీల రక్తంలో పాదరసాన్ని 1992 నుంచి కొలుస్తున్నారు. అప్పటికీ ఇప్పటికీ అది బాగా తగ్గింది. కాని కెనడాలోని మిగతా ఆడవాళ్ళ కన్నా వాళ్ళలో ఇంకా ఎక్కువే ఉంది.